నాయకులుగారి నోట పడ్డ పోప్‌గారు

శ్రీరంగనాయకులుగారు ఎవరు గెలుస్తారని చెబితే వాళ్ళు ఓడిపోతారు. ఏలూరు పాత బస్టాండు వెనకున్న వలల సందులో ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆయన "ఇవాళ వాన రాదండీ" అన్నారంటే పెదపాడు దాకా ధాన్యం ఎండబోసుకున్న రైతులు బరకాలు వెతుక్కుంటారు. "ఈ బస్సు టైముకి బయల్దేరుతుందండీ" అన్నారంటే ఎక్కి కూర్చున్నవాళ్ళు దిగి ఆటో మాట్లాడుకుంటారు. ఎన్నికలొస్తే అభ్యర్థులు ఓటర్ల ఇళ్ళకంటే ముందు ఆయన కొట్టుకే వచ్చి, "అయ్యా, మీ ఓటు ఎవరికైనా వేసుకోండి, నా పేరు మాత్రం పైకి అనకండి" అని రెండు చేతులూ పట్టుకుని బతిమాలి వెళ్తారు.

ఆయనకి దీని గురించి పిసరంత బాధ ఉన్నట్టు కనిపించదు. పొద్దున్నే కొట్టు తెరిచి, గడప ముందు కుర్చీ వేసుకుని, నుదుటి నామం ఓసారి అద్దంలో చూసుకుని, దారిన పోయేవాణ్ణి ఆపి, "ఏమనుకుంటున్నారండీ ఈసారి?" అని మొదలుపెడతారు. అమ్మేవి చేపల వలలు. కొల్లేరు చుట్టుపక్కల చెరువులకి వలా, తాడూ, బెండూ ఆయన కొట్టునుంచే వెళ్ళాలి. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగాక చేపను ముట్టింది లేదు.

"చేపలకి మీరంటే ప్రాణం అండీ నాయకులుగారూ," అంటుంటాడు ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చునే మస్తాన్. "మీరు పడతాయన్న చెరువులో ఒక్కటి పడితే ఒట్టు."

"ఈసారి పడతాయి చూడండి," అంటారు నాయకులుగారు. ఆ మాట విన్న చెరువుగలాయన కొన్న వల తిరిగిచ్చి వెళ్ళిన సందర్భాలున్నాయి.

ఆ సందులో పందేలు ఎక్కువ. డబ్బు పందేలు కావు, పరువు పందేలు. ఓడినవాడు గుండు గీయించుకోవాలి, లేదా సందంతటికీ పులుసు పెట్టాలి, లేదా గెలిచినవాడి సైకిలు నెల్లాళ్ళు తుడవాలి. వీటన్నిటికీ ఒక్కటే నియమం. పందెంలో ఉన్న పేరు నాయకులుగారి నోట పడిందో, ఆ పందెం రద్దు. వాన పడితే క్రికెట్ మ్యాచ్ ఆపేసినట్టే. ఆయన నోట పడ్డాక ఓడిపోవడం మనిషి తప్పు కాదని, అందుకు శిక్ష వెయ్యడం అన్యాయమని సందు పెద్దలు ఎప్పుడో తీర్మానించారు.

అలాంటి సందులోకి ఒక వేసవిలో రోమ్ నగరం వచ్చి పడింది.

పోప్‌గారు పరమపదించారు. నాయకులుగారి కొట్టు మెట్లమీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసే అహరోను రెండు రోజులు పనిలోకి రాలేదు. ఆయనది గుండుగొలను పక్క ఊరు. అక్కడి ఆర్‌సిఎం చర్చిలో గంట కొట్టేది ఆయనే. మూడో రోజు కళ్ళు వాచిపోయి వచ్చి, వల ఒళ్ళో వేసుకుని, "మరి ఇప్పుడు ఎవరండీ?" అన్నాడు.

అంతే, సందు సందంతా రాజుకుంది. మొబైల్ షాపు హేమంత్‌కుమార్ తన పెద్ద టీవీని వీధి వైపు తిప్పాడు. పోప్‌ని ఎన్నుకునే కార్డినళ్ళు ఎర్రటి అంగీల్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ కనిపిస్తుంటే, వాళ్ళ పేర్లు ఎవరికీ నోరు తిరక్క తలా ఒక పేరు పెట్టేశారు. నవ్వులాయన, కళ్ళజోడాయన, గొడుగాయన. వారం తిరిగేసరికి ఆ సందులో రోమ్ రాజకీయం తెలియనివాళ్ళు లేరు.

"కళ్ళజోడాయనకి దక్షిణం వైపు మద్దతు లేదండీ," అన్నాడు కొబ్బరిబొండాల బండివాడు.

"ఏ దక్షిణం?" అన్నాడు మస్తాన్.

"అది తెలీదు గానీ, లేదు."

మస్తాన్ భార్య నఫీసా టిఫిన్ క్యారేజీ తెచ్చి, అక్కడే నిలబడిపోయి, గొడుగాయన నడక చూసి, "ఈయనకి షుగరుంది, పెద్ద బాధ్యతలు పెట్టుకోకూడదు," అని తీర్పు చెప్పి వెళ్ళింది. మస్తాన్ మాత్రం ఎవరు పోప్ అవుతారన్నది వదిలేసి, ఆ అంగీలకి వీపు దగ్గర మడత ఎలా తీశారా అని మెడ సాచి చూసేవాడు.

అందరూ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉన్నారు. నాయకులుగారు ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు. హేమంత్‌కుమార్ నవ్వులాయన పక్షం. రోజూ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఇచ్చి, "బాబాయిగారూ, కళ్ళజోడాయన భలే ఉన్నారు కదండీ? ఆయన పేరు ఓసారి గట్టిగా అనండి," అనేవాడు. ఆయన కాఫీ తాగి, "ఇంకా పరిశీలనలో ఉందండీ," అనేవారు.

అహరోను పక్షం వేరు. ఒకరోజు టీవీలో కార్డినళ్ళందరూ మెట్లు దిగిపోయాక, అందరికంటే చివర ఒక ముసలాయన మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఓర్చుకుంటూ దిగాడు. దిగాక వెనక్కి తిరిగి, వీల్‌చెయిర్‌లో ఉన్న ఒకావిడకి దారి ఇచ్చి, అప్పుడు వెళ్ళాడు. అహరోను సూది ఆపేశాడు.

"ఈయనేనండీ పోప్," అన్నాడు.

"ఎందుకు తాతా?" అన్నాడు హేమంత్‌కుమార్.

"నొప్పి తెలిసినోడు పెద్ద కుర్చీలో కూర్చోవాలండీ. నాకూ మోకాలు నొప్పే. నాకు తెలుసు."

హేమంత్‌కుమార్ ఫోనులో వెతికాడు. ఎవరికి ఎంత అవకాశమో చెప్పే పట్టికలు అందులో బోలెడు. "తాతా, మీ మోకాలాయన పేరు చివర్న కూడా లేదు. సున్నా అని కూడా వెయ్యలేదు, అసలు లేదు."

సందంతా నవ్వింది. అహరోనుకి ఎక్కడ లేని రోషం వచ్చింది. వల పక్కకి విసిరి లేచి నిలబడి, మీసం మెలేశాడు. "మా ఆయన పోప్ అవ్వకపోతే ఈ మీసం తీసేస్తాను. ఇదిగో, ఈ సందులోనే, ఈ మెట్టుమీదే!"

"అయితే నేను సందంతటికీ కొరమీను పులుసు పెడతా," అన్నాడు హేమంత్‌కుమార్ కూడా ఊపులో.

ఆ మాట విని మస్తాన్ కాలు మిషను మీద ఆగిపోయింది. అహరోను మీసం సామాన్యమైనది కాదు. సందులోకి ముందు మీసం వస్తుంది, వెనక అహరోను వస్తాడు. తెల్లగా, వత్తుగా, చివరలు పైకి తిరిగి, కొల్లేరు గాలికి కూడా చెదరకుండా ఉంటుంది. పైగా మనవరాలు సిల్వియా పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళికొడుకు వాళ్ళది తాడేపల్లిగూడెం. తండ్రి లేని పిల్ల కావడంతో, చర్చిలో బలిపీఠం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది తాతే. అందుకోసం జీవితంలో మొదటిసారి కోటు కుట్టించుకుంటున్నాడు. ఆ కోటు మస్తాన్ చేతిలోనే ఉంది.

మర్నాడు ట్రయల్‌కి సిల్వియా కూడా వచ్చింది. భీమడోలులో నర్సుగా పనిచేస్తుంది. తాతకి కోటు తొడిగి, దూరంగా నిలబడి చూసి, "మస్తాన్ మావయ్యా, కాలరు కొంచెం కిందకి దించండి. మీసానికి ఆనేస్తోంది," అంది.

మస్తాన్ తల వంచుకుని కాలరు మీద సుద్దగీత గీశాడు. అహరోను పైకప్పు చూస్తున్నాడు.

"ఏం తాతా, అలా ఉన్నావు?"

"ఏం లేదమ్మా. రోమ్ గురించి ఆలోచిస్తున్నా."

ఆ పిల్ల వెళ్ళాక మస్తాన్ బతిమాలాడు. "బాబాయ్, ఊరికే అన్నానని చెప్పేయండి. హేమంత్ కుర్రాడు మంచివాడే, వదిలేస్తాడు."

"నేను గంట కొట్టే మనిషిని అబ్బాయ్," అన్నాడు అహరోను. "గంట ఒకసారి కొట్టేక కొట్టలేదని ఎలా అంటాను?"

కార్డినళ్ళు ఓటు వెయ్యడానికి లోపలికి వెళ్ళే రోజు వచ్చింది. సందులో అన్ని కొట్లూ తెరిచే ఉన్నాయి గానీ ఎవరూ ఏమీ అమ్మలేదు. ఒక్కొక్కరే ఎర్రటి అంగీతో లోపలికి నడుస్తుంటే సందు పేర్లు పిలిచింది. గొడుగాయన వెళ్ళాడు. కళ్ళజోడాయన వెళ్ళాడు. నవ్వులాయన నవ్వుతూ వెళ్ళాడు. తలుపులు మూసేశారు. మోకాలాయన కనపడలేదు.

"బాత్రూముకి వెళ్ళుంటారు," అన్నాడు అహరోను.

హేమంత్‌కుమార్ ఫోను చూసి, కాస్త ఇబ్బందిగానే చెప్పాడు. "తాతా, ఎనభై దాటినవాళ్ళకి లోపల ఓటు లేదట. మీ ఆయనకి ఎనభై ఆరు. ఆయన లోపలికే వెళ్ళరు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో సందంతా పగలబడి నవ్వింది. ఎవరి మీద పందెం కాశాడో ఆ మనిషి పోటీలోనే లేడు! పక్క సెలూన్ అతను సరదాకి కత్తీ, నురుగు గిన్నే పట్టుకొచ్చాడు. మస్తాన్‌కి కూడా నవ్వొచ్చింది, కానీ అహరోను మొహం చూశాక ఆ నవ్వు ఆపేసుకున్నాడు.

అహరోను మెట్టుమీద కూర్చుని తువ్వాలు మెడచుట్టూ కప్పుకున్నాడు. "తియ్యండి. మాటంటే మాటే."

హేమంత్‌కుమార్ కంగారు పడ్డాడు. "అబ్బే, ఇప్పుడేం తొందర లేదు తాతా."

"పెళ్ళయ్యాక తియ్యొచ్చు బాబాయ్!" అని మిషను వదిలి పరుగెత్తుకొచ్చాడు మస్తాన్.

"ఓడిపోయిన మీసంతో పిల్లని నడిపిస్తే అది మీసం కాదు అబ్బాయ్, వెంట్రుకలు," అని అహరోను కళ్ళు మూసుకున్నాడు.

సెలూన్ అతను నురుగు కలపడం మొదలుపెట్టాడు. అప్పుడు గడప ముందు కుర్చీలోంచి ఒక దగ్గు వినిపించింది.

"నా అభిప్రాయం నేనింకా చెప్పలేదండీ," అన్నారు నాయకులుగారు.

సందు గతుక్కుమంది. హేమంత్‌కుమార్ రెండు చేతులూ జోడించాడు. "బాబాయిగారూ, నవ్వులాయన వద్దండీ! కాఫీలు తాగారండీ!"

నాయకులుగారు లేచి నిలబడి, పంచె సర్దుకుని, సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడేలా చెప్పారు. "బాగా పరిశీలించానండీ. సందేహం లేదు. మోకాలాయనే పోప్ అవుతారు."

"ఆయన లోపలే లేరండీ!" అన్నాడు హేమంత్‌కుమార్.

"లోపల ఓటు లేదన్నారు గానీ, బయటివాళ్ళని ఎన్నుకోకూడదని ఎక్కడుందండీ? మీ ఫోనులో చూడండి."

చూశాడు. కూడదని ఎక్కడా లేదు. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. పేరు నోట పడింది, పందెం రద్దు. సెలూన్ అతను నురుగు పారబోసి వెళ్ళిపోయాడు. కొరమీను పులుసు పోయినందుకు కొందరు గొణుక్కున్నారు.

అహరోను ఒక్క ఉదుటున లేచాడు. మీసం నిక్కబొడుచుకుని ఉంది. "నాయకులుగారూ! ఎంత పని చేసేసేరండీ! పోప్ దొరికేరని చెప్పే పొగ రాలేదు, ఏం రాలేదు, ఇంకా ఆశ ఉండేది గదండీ! ఆయన్ని కబురు చేసి పిలిపించేవారేమో గదా! బంగారంలాంటి మనిషిని మీ నోటితో నాశనం చేసేసేరు!"

"పొరపాటయిందండీ," అన్నారు నాయకులుగారు ఎంతో వినయంగా.

తరవాత తెల్ల పొగ వచ్చింది. బాల్కనీలోకి వచ్చినాయన సందులో ఎవరూ పేరు పెట్టని ఆయన. నవ్వులాయన పక్కనుంచి నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. హేమంత్‌కుమార్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అహరోను ఊరెళ్ళి తనివితీరా గంట కొట్టి వచ్చి, మళ్ళీ మెట్టుమీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పడం మొదలుపెట్టాడు. "ఈయనా మంచోరే, కాదనను. కానీ అవ్వాల్సింది మా ఆయనండీ. అయిపోయినట్టేనండీ! ఇదిగో, ఈ నాయకులుగారు నోరు తెరిచేరు, అంతా పాడయ్యింది." ఎండలో కూర్చుని ఆ మాట చెప్తుంటే ఆయన మొహం కళకళలాడిపోయేది. నాయకులుగారు తల వంచుకుని వినేవారు.

ఆ వారంలోనే మస్తాన్, నాయకులుగారి భార్య కనకరత్నంగారికి జాకెట్లు ఇవ్వడానికి ఇంటికి వెళ్ళాడు. మాటల్లో మాటగా, "ఆయన నోటి సంగతి మీకెలా ఉంటుందమ్మా ఇంట్లో?" అని నవ్వాడు.

ఆవిడ జాకెట్టు చేతులు లాగి చూస్తూ, "ఇంట్లో ఆయన చెప్పింది తప్పడం నేనెరగను అన్నయ్యగారూ," అంది. "వాన వస్తుందంటే వస్తుంది. కౌన్సిలరు ఫలానా ఆయన అంటే ఆయనే. ఫలానా ఆయన ఓడిపోతాడు పాపం అని రాత్రి నాతో చెప్పి, అన్నం సరిగ్గా తినరు. పొద్దున్నే లేచి వీధిలోకెళ్ళి ఆయనే గెలుస్తాడని చెప్పేస్తారు. అదేం బుద్ధో నాకు అర్థం కాదు."

మస్తాన్‌కి ఆ మాట తలకెక్కడానికి ఇంటి గేటు దాటాల్సి వచ్చింది. రోడ్డుమీద నిలబడిపోయాడు. ఒక ఏడాది క్రికెట్ ఫైనల్‌కి తను కాసిన పందెం గుర్తొచ్చింది. మన జట్టు ఓడితే రంజాన్ ముందు పదిహేను రోజులూ షట్టరు తెరవనని ఉత్సాహంలో అనేశాడు. దర్జీకి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ పదిహేను రోజులూ ఒక ఎత్తు. ఆట మొదలయ్యే ముందు నాయకులుగారు వచ్చి, "మనవాళ్ళే గెలుస్తారండీ," అన్నారు. మనవాళ్ళు చిత్తుగా ఓడారు. షట్టరు మాత్రం తెరిచే ఉంది. అందుకు తను చేసిందేమిటి? నెల్లాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. పండగ సేమ్యా కూడా పంపలేదు. ఇన్నేళ్ళ తరవాత, ఆ ఎండలో, మస్తాన్‌కి సిగ్గూ ప్రేమా రెండూ కలిసి ముంచుకొచ్చాయి.

నేరుగా కొట్టుకి వెళ్ళి అడిగేశాడు. నాయకులుగారు ముందు అటూ ఇటూ చూశారు. అహరోను వల కోసం లోపలికెళ్ళాడు.

"ఓడిపోయినవాడికి తిట్టుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదండీ మస్తాన్‌గారూ," అన్నారు మెల్లిగా. "దేవుణ్ణి తిట్టుకుంటే పాపం. పెళ్ళాన్ని తిట్టుకుంటే ప్రమాదం. తన్ను తాను తిట్టుకుంటే నిద్ర పట్టదు. అందరికీ నేను సులువు. కొట్టు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"మరి మీకు చెడ్డపేరు కాదండీ?"

"పేరు పోగొట్టకండి బాబూ! ఈ పేరు సంపాదించడానికి ముప్పై ఏళ్ళు పట్టింది."

లోపలినుంచి అహరోను వచ్చాడు. మస్తాన్ గొంతు సవరించుకుని, వీధంతా వినపడేలా, "మీ నోటికో దండం నాయకులుగారూ! మా బాబాయ్‌గారి పోప్‌ని చెడగొట్టేశారు గదండీ!" అని అరిచాడు. నాయకులుగారు కృతజ్ఞతగా చూశారు.

సిల్వియా పెళ్ళికి తాడేపల్లిగూడెం సందంతా కదిలింది. అహరోను స్వయంగా వచ్చి నాయకులుగారిని పిలిచాడు. "మీరు రాకపోతే ఊరుకోను. ముందు వరసలో కూర్చోవాలి. మీకు వేరే శాకాహారం చెప్పించేను. నోరు మాత్రం తినడానికే తెరవాలండీ."

"ఆయ్, అలాగేనండీ."

చర్చిలో అహరోను కోటు వేసుకుని మనవరాల్ని నడిపించుకొస్తుంటే, మీసం కాలరుకి ఆనకుండా సరిగ్గా నిలిచింది. మస్తాన్‌కి తన కత్తెర మీద గర్వం కలిగింది. నాయకులుగారు పెళ్ళంతా పెదవులు బిగించుకునే కూర్చున్నారు. భోజనాల దగ్గర పప్పు వేసుకుని తల ఊపబోతే, వంటాయన పరుగెత్తుకొచ్చి, "బాగుందనకండి బాబూ, ఇంకా రెండు బంతులున్నాయి," అని దణ్ణం పెట్టాడు. ఎవరో ముందే చెప్పి ఉంచారు.

ఎవరూ చెప్పనిది పెళ్ళికొడుకు మణిదీప్ తండ్రికి. ఫోటోలు తీసే వేళ, నామం పెట్టుకున్న పెద్దాయన కనపడగానే, ఆయన ఎంతో మర్యాదగా మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. "మా పిల్లలు కలకాలం ఎలా ఉంటారో, రెండు ముక్కలు దీవించండి."

వలల సందువాళ్ళందరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. హేమంత్‌కుమార్ చేతిలో ఐస్‌క్రీమ్ జారి పడింది. అహరోను ఆ కొసనుంచి మోకాలు నొప్పి కూడా మరిచి, "వద్దండీ! వద్దండీ బాబూ!" అంటూ పరుగెత్తుకొస్తున్నాడు.

నాయకులుగారు మైకు దగ్గరికి తీసుకున్నారు. "నేను చెప్తున్నానండీ. వీళ్ళిద్దరికీ ఒక్కపూట కూడా పొసగదు."

మగపెళ్ళివారు నిర్ఘాంతపోయారు. సందువాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. అహరోను పరుగు ఆపి, రొప్పుతూ, "ఇంకా చెప్పండి! ఇంకా చెప్పండి!" అని అరిచాడు.

"అమ్మాయి చెప్పింది అబ్బాయి వినడు. అబ్బాయి వండింది అమ్మాయి తినదు. పుట్టే పిల్లలు ఒక్కరూ చదవరు."

"ఆరోగ్యం సంగతి చెప్పండి బాబూ!"

"ఎప్పుడూ ఏదో ఒక జబ్బేనండీ. నేను గ్యారంటీ."

హాలు అదిరిపోయింది. పెళ్ళికొడుకు తండ్రిని పక్కకి తీసుకెళ్ళి హేమంత్‌కుమార్ వివరం చెబుతుంటే, ఆయన మొహంలో రంగు మెల్లిగా తిరిగొచ్చింది. అహరోను కళ్ళు తుడుచుకుంటూ మీసం తడిపేసుకున్నాడు. సిల్వియా పెళ్ళికొడుకుతో సహా వంగి నాయకులుగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది.

ఆయన మైకు ఇచ్చేసి వచ్చి కనకరత్నంగారి పక్కన కూర్చున్నారు. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగి ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్న మాట వెనక కుర్చీలో ఉన్న మస్తాన్ విన్నాడు.

"చక్కగా ఉంటారే వీళ్ళు," అన్నారు నాయకులుగారు.